రోజూ సరిపడా నీళ్లు తాగాలంటే ఏ ఏర్పాట్లు చేసుకోవాలి

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలన్న మాట చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. తెలిసి కూడా మనలో చాలామంది అంత తాగరు. దీన్ని బద్ధకం అనడానికి నాకు మనసొప్పదు. పని చేసే చోట నీళ్లు చేతికి అందవు. అందినా, తాగితే ఒంటికి పోవడానికి చోటుండదు. పైగా ఎండ ముదిరితే, చాకిరీ పెరిగితే ఆ లెక్క ఎంత పెరగాలో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇక్కడ నీళ్ల మహిమ కంటే ఏర్పాట్ల గురించే ఎక్కువ రాస్తున్నాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఎండలను, మన వైపు పనులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది.

ముందు అసలు ఎందుకు తాగాలో క్లుప్తంగా. మన ఒంటి బరువులో సగానికి పైగా నీళ్లే. కిడ్నీలు రోజు మొత్తంలో దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తానికే చేర్చి, ఒకటి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు ఒక హార్మోన్ విడుదల చేసి, ఉన్న నీళ్లను పట్టి ఉంచమని కిడ్నీలకు కబురు పెడుతుంది. దాంతో మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం లాంటివి పూర్తిగా కరగలేక పలుకులు కడతాయి. కిడ్నీలో రాళ్లకు ఇదొక ముఖ్య కారణం. ఒకసారి రాయి వచ్చిన వాళ్లు రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలని కిడ్నీ డాక్టర్లు చెప్పేది ఇందుకే.

60 కిలోల మనిషి ఒంట్లోంచి 1.2 లీటర్లు చెమటగా పోయి తిరిగి చేరకపోతే, అంటే బరువులో 2 శాతం తగ్గితే, రక్తం పరిమాణం తగ్గి గుండె వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. సత్తువ, ధ్యాస రెండూ తగ్గుతాయి. మధ్యాహ్నం మూడింటికి తల పట్టేసినట్టు ఉండి, చేసే పనిలో తప్పులు దొర్లుతుంటే ముందు నీళ్లు ఎన్ని తాగారో గుర్తు చేసుకోండి. మలబద్ధకం ఉన్నవాళ్లు ఆకుకూరలు, జొన్నరొట్టె ఎంత తిన్నా, పక్కన నీళ్లు లేకపోతే ఆ పీచు పని చేయదు.

నీళ్లు ఎక్కువ తాగితే మొహం మెరిసిపోతుందని, ఒంట్లోని విషాలన్నీ కడిగేసుకుపోతాయని, లేవగానే లీటరు తాగితే జబ్బులన్నీ పోతాయని వాట్సాప్‌లో తిరిగే మాటలకు సరైన ఆధారాలు లేవు. నిజంగా ఉన్న ఉపయోగాలే తాగడానికి చాలు.

మొదటి పని: మీ ఇంటి గ్లాసు కొలవండి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ఎనిమిది గ్లాసులంటే మొత్తం రెండు లీటర్లు. అంటే గ్లాసు 250 మిల్లీలీటర్లది. మీ ఇంట్లోని స్టీలు గ్లాసు అంత పడుతుందో లేదో చూడండి. ఖాళీ లీటరు సీసాను అంచు దాకా నింపి ఎన్ని గ్లాసులు వస్తాయో పోసి చూస్తే తెలిసిపోతుంది. నాలుగు వస్తే సరే. ఐదారు వస్తే మీ ఎనిమిది గ్లాసులు నిజానికి లీటరున్నరే. చెంబుతో తాగే అలవాటుంటే చెంబునే కొలుచుకోండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు.

రెండో పని: మీ రోజు ఎలాంటిదో చూసి లెక్క వేసుకోండి

నీడపట్టున కూర్చుని పని చేసే ఆరోగ్యవంతులకు రెండు లీటర్లు సరైన మొదలు. బరువు బట్టి వేసుకోవాలనుకుంటే కిలోకు 30 నుంచి 35 మిల్లీలీటర్లు అనుకోండి. తిండిలోంచి వచ్చే నీళ్లు దీనికి అదనం. ఉడికిన అన్నంలో, పప్పులో, కూరగాయల్లో నీళ్లే ఎక్కువ. పచ్చిపులుసు పోసుకుని తినే మనకు రొట్టె, వేపుడు తినేవాళ్ల కంటే తిండి ద్వారానే కాస్త ఎక్కువ అందుతుంది.

చాయ కూడా లెక్కలోకి వస్తుంది. చాయ తాగితే ఒంట్లో నీళ్లు పోతాయన్నది అతిశయోక్తి, రోజుకు రెండు మూడు కప్పుల వల్ల అలాంటిదేమీ జరగదు. కల్లు, బీరు మాత్రం లెక్కలోకి రావు. మద్యం పైన చెప్పిన హార్మోన్‌ను అణచివేస్తుంది కాబట్టి మూత్రం ఎక్కువగా పోతుంది. ఎండలో పని చేసి వచ్చి ఒళ్లు చల్లబడుతుందని కల్లు తాగే అలవాటు మన ఊళ్లలో ఉంది. ముందు నీళ్లు తాగి, అన్నం తిని, ఒళ్లు కుదుటపడ్డాకే మిగతావన్నీ.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి, రామగుండంలో సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో పని చేసే కార్మికుడికి, మే నెలలో తునికాకు కోయడానికి ములుగు అడవికి పోయే అక్కకు రెండు లీటర్లు ఏ మూలకూ చాలవు. ఎండలో బరువు పని చేసేవాళ్లకు గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట పోతుంది. వాళ్ల లెక్క వేరు, అది కింద ఆరో పనిలో చెప్తాను.

మూడో పని: రంగు చూడండి

అంకెలన్నీ అంచనాలే. మీకు సరిపోతున్నదో లేదో చెప్పేది మీ మూత్రం. నిద్ర లేవగానే వచ్చేది ముదురుగా ఉండటం సహజం, దాన్ని వదిలేయండి. పొద్దున పది దాటాక లేత గడ్డి రంగులో ఉంటే సరిపోతున్నట్టు. ఆవనూనె రంగులోకి తిరిగితే వెంటనే రెండు గ్లాసులు తాగాలి. చాయ డికాషన్ రంగులోకి పోయి, నీళ్లు తాగినా మారకపోతే అది ఒక్క నీళ్ల సమస్యే అనుకోకండి, డాక్టరుకు చూపించండి. కామెర్లు కావచ్చు, ఎండలో విపరీతంగా కష్టపడి కండరాలు దెబ్బతిన్న సూచన కూడా కావచ్చు. రోజంతా నీళ్లలా తెల్లగా పోతూ గంటకోసారి లేవాల్సి వస్తుంటే అవసరానికి మించి తాగుతున్నారని అర్థం. అలాంటప్పుడు తగ్గించండి.

బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే పసుపు పచ్చగా వస్తుంది. టీబీ మందులు వాడేవాళ్లకు నారింజ, ఎరుపు రంగులో వస్తుంది. బీట్‌రూట్ తిన్నా రంగు మారవచ్చు. వీటికి బెదిరిపోనక్కర్లేదు. అలాంటి రోజుల్లో రంగును బట్టి కాకుండా, ఎన్నిసార్లు పోతున్నారో చూసుకోండి. మెలకువగా ఉన్నంతసేపూ మూడు నాలుగు గంటలకోసారైనా పోతూ ఉండాలి.

ఎన్ని తాగినా దాహం తీరకుండా, రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తూ, బరువు తగ్గుతూ ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

నాలుగో పని: నీళ్లను పనికి ముడిపెట్టండి

సీసా పక్కన లేనివాళ్లు తాగరు. ఇది నేను ఎన్ని ఇళ్లలో చూశానో. వంటింట్లో ఫిల్టరు ఉంటుంది, మనిషి ముందు గదిలో ఉంటారు, లేవడానికి పని అడ్డం. జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలకు వెయ్యి బీడీల లెక్కన కూలి. ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటే లేచిన ప్రతిసారీ కూలిలో కోత పడ్డట్టే. కాబట్టి కూర్చునే ముందే లీటరు సీసా చాట పక్కన పెట్టుకోండి. కొన్ని కట్టలు కాగానే రెండు గుక్కలు. పొగాకు దుమ్ము గొంతులో ఆరిపోయే పని అది, గుక్క గుక్కకూ హాయిగా ఉంటుంది.

ఆఫీసులో, బడిలో, దుకాణంలో ఉండేవాళ్లు ఇలా పంచుకోవచ్చు. పొద్దున లేచాక ఒక గ్లాసు, టిఫిన్‌తో ఒకటి. మధ్యాహ్నం అన్నం లోపు రెండు, అన్నంతో ఒకటి. సాయంత్రం ఇంటికి చేరేలోపు రెండు. రాత్రి భోజనంతో ఒకటి. అన్నం తింటూ నీళ్లు తాగితే అరగదన్న మాటకు ఆధారం లేదు, మితంగా తాగండి. పడుకునే ముందు ఎక్కువ తాగి రాత్రి లేవడం ఇబ్బందైతే ఏడింటిలోపే పూర్తి చేసుకోండి. మరచిపోయేవాళ్లు ఫోనులో అలారం పెట్టుకోవచ్చు. బడిపిల్లలకు నీళ్ల గంట కొట్టే పద్ధతి 2019లో కేరళ బడుల నుంచి మిగతా రాష్ట్రాలకు పాకింది. మీ ఊరి బడిలో లేకపోతే హెడ్మాస్టరును అడగండి, దానికి ఖర్చేమీ లేదు.

హనుమకొండ నయీంనగర్ హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలకు ఒక మాట. రాత్రిళ్లు చదువుకుంటూ కూల్‌డ్రింకులతో దాహం తీర్చుకోకండి. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది.

ఐదో పని: ఒంటికి పోయే చోటు ముందే చూసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆరోగ్య సలహాల్లో ఎక్కడా కనిపించనిదీ ఇదే. మన ఆడవాళ్లలో చాలామంది దాహం వేయక నీళ్లు మానేయరు. మిర్చి తోటలో పొద్దంతా కైకిలి చేసే అక్కకు చుట్టూ మగవాళ్లు, గట్టు చాటు కూడా ఉండదు. బట్టల దుకాణంలో నిలబడి పని చేసే అమ్మాయికి పై అంతస్తులో ఒకే బాత్రూమ్, దానికి సేటు ముందు నుంచే పోవాలి. బస్సులో డ్యూటీ చేసే కండక్టరమ్మకు ట్రిప్పు అయ్యేదాకా ఆగాలి. బడిలో తలుపు గడియ లేని మరుగుదొడ్డికి పోలేక ఆడపిల్ల సీసాను నింపినట్టే ఇంటికి తెస్తుంది. వీళ్లందరికీ ఇంకా నీళ్లు తాగండి అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నీళ్లు తగ్గించి, వచ్చినదాన్ని ఆపుకుంటూ గడిపితే మూత్రసంచిలో సూక్ష్మక్రిములు పెరగడానికి తీరిక దొరుకుతుంది. మంట, చుక్క చుక్కగా రావడం, పొత్తికడుపు నొప్పి, చలిజ్వరం. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, తరచూ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలను తీసుకున్నారు. వాళ్లలో సగం మంది రోజూ తాగేదానికి లీటరున్నర అదనంగా తాగారు. ఏడాది తిరిగేసరికి వాళ్లకు ఇన్‌ఫెక్షన్లు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే వచ్చాయి. మందు లేదు, మాత్ర లేదు, నీళ్లే. ఈ ఉపయోగం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే నీళ్లు తాగే వీలు లేకపోవడం నన్ను చాలా బాధిస్తుంది.

ఏం చేయవచ్చు? పొలం పనికైతే ముఠాలో ఆడవాళ్లంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకోండి. నాలుగు కర్రలు, రెండు పాత చీరలు ఉంటే గట్టు పక్కన పరదా కట్టవచ్చు. పని మాట్లాడుకునే రోజునే రైతుతో ఈ మాట కూడా మాట్లాడండి. చాయ, సద్ది వేళలు అడిగినట్టే ఇదీ అడగండి. ఇద్దరిద్దరుగా పోండి. రైతులు కూడా తమంతట తాము కట్టిస్తే కూలీలు ఆ చేనుకే రావడానికి ఇష్టపడతారు.

ఉపాధి హామీ పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఫ్యాక్టరీల్లో తాగునీరు, ఆడవాళ్లకు మగవాళ్లకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే ఉంది. జిన్నింగ్ మిల్లులో, రైస్ మిల్లులో పని చేసేవాళ్లు అడిగితే దయ కోసం అడిగినట్టు అనుకోకండి.

దారి ప్రయాణాల్లో పెట్రోలు బంకులు గుర్తుంచుకోండి. వచ్చిన వాహనదారులకు తాగునీరు, మరుగుదొడ్డి అందుబాటులో ఉంచాలన్నది నూనె కంపెనీలు బంకులకు పెట్టిన నిబంధన. వరంగల్ నుంచి ఏటూరునాగారం, మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ పోతుంటే బయల్దేరే ముందే ఎక్కడ ఆగాలో అనుకుని పోతే, బండి ఎక్కే ముందు నీళ్లు మానేయాల్సిన పని ఉండదు.

ఆటోలు, లారీలు నడిపే అన్నలకు చోటు సమస్య తక్కువే. వాళ్లు నీళ్లు తగ్గించేది గిరాకీ పోతుందని, ఆలస్యమవుతుందని. ఎండలో ఇంజను వేడి పక్కన కూర్చునే పని అది. రాళ్ల నొప్పితో పోయే రోజుల కూలి దీనికంటే చాలా ఎక్కువ.

ఆరో పని: ఎండలో పనికి పోయే రోజు

ఉత్తర తెలంగాణలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం తరచూ చూస్తున్నదే. 2015 మే నెలలో వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి వేలల్లో చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం పెట్టింది. పరిహారం దాకా పోకుండా చూసుకోవడం మన చేతిలో చాలావరకు ఉంది.

పనికి దిగే ముందే రెండు గ్లాసులు తాగండి. పని మొదలయ్యాక పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగుతూ ఉండండి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే వెనకబడ్డట్టు. గంట మొత్తం మీద లీటరున్నర దాటకూడదు. కిడ్నీలు గంటకు దాదాపు లీటరుకు మించి బయటికి పంపలేవు. ఒక్కసారిగా చెంబులకు చెంబులు ఎత్తితే రక్తంలో సోడియం పలచబడి వాంతులు, తల దిమ్ము, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ప్రాణం మీదికీ వస్తుంది. కొద్దికొద్దిగా, పలుమార్లు తాగడమే మంచిది.

రెండు గంటలకు మించి చెమటోడ్చే పనైతే ఒట్టి నీళ్లు చాలవు, ఉప్పు కూడా తిరిగి చేరాలి. దీనికి మన ఇళ్లలో ఉన్నవే మేలైనవి. చిటికెడు ఉప్పు వేసిన పలచటి సల్ల, జొన్న అంబలి, అన్నం వార్చిన గంజిలో ఉప్పు, పచ్చిపులుసు. జొన్నగట్కలో సల్ల కలుపుకుని తాగి పొలం పోయిన మన తాతలు చాలా తెలివైన తిండే తిన్నారు. నీళ్లు, ఉప్పు, నెమ్మదిగా అరిగే పిండి మూడూ అందులో ఉన్నాయి. సద్ది డబ్బాతో పాటు సల్ల సీసా ఒకటి పెట్టుకోండి, ఎండలో పులిసిపోకుండా తడిగుడ్డ చుట్టండి. పుచ్చకాయ, కీరదోస, తాటిముంజలు కూడా మంచివే. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు ఎంత వేసుకోవాలో తమ డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

విరేచనాలు, వాంతులు అయినప్పుడు, చెమటతో బాగా నీరసించినప్పుడు ఓఆర్‌ఎస్ తాగాలి. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. అర పొట్లం అర లీటరులో అని అందాజాగా కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపినదాన్ని ఆ రోజే వాడేయాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ అంచుకు సమానంగా గీసి వేసి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే రుచి చూడండి, కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. 1971లో బెంగాల్ సరిహద్దు శరణార్థి శిబిరంలో కలరా వచ్చినవాళ్లకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. చక్కెర పేగులో ఉప్పును, ఉప్పు నీళ్లను తన వెంట లోపలికి తీసుకుపోతాయి. అందుకే రెండూ ఆ పాళ్లలోనే ఉండాలి.

కొనేటప్పుడు జాగ్రత్త. చక్కెర ఎక్కువ ఉన్న పండ్ల పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం చాలా ఏళ్లు సాగింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొట్లమే అడిగి తీసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే దొరుకుతుంది.

కొత్తగా ఎండ పనికి దిగేవాళ్లు మొదటి వారం పూర్తి పని చేయకండి. ఒళ్లు వేడికి అలవాటు పడి సరిగా చెమట పట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. జ్వరం తగ్గి మళ్లీ పనికి వచ్చినవాళ్లకూ ఇదే.

ఏడో పని: తాగే నీళ్లు చూసుకోండి

చల్లటి నీళ్లు ఉంటే మనిషి తనంతట తానే ఎక్కువ తాగుతాడు. అందుకే ఎండకాలం ఇంట్లో రంజన్ పెట్టుకోవడం మంచి పని. మట్టి సందుల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ఆడే నీడలో పెట్టి చుట్టూ తడిగుడ్డ కడితే ఇంకా చల్లబడతాయి. కొత్త రంజన్‌ను ఒక రాత్రి నీళ్లు పోసి ఉంచి, ఆ నీళ్లు పారబోసి వాడుకోండి. సబ్బుతో కడగకండి, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరనివ్వండి. నీళ్లు రోజూ మార్చండి. చేయి ముంచకుండా పొడవు కాడ ఉన్న గరిటెతో తీసుకోండి, లేదా నల్లా బిగించినది కొనండి. చలివేంద్రం పెట్టే పుణ్యాత్ములు కూడా మూత, పొడవు గరిటె తప్పకుండా పెట్టాలి. పది మంది చేతులు మునిగే కుండ దాహం తీర్చి జబ్బు అంటిస్తుంది.

నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లు గోదావరి, కృష్ణా నదుల నుంచి శుద్ధి చేసి పంపేవి. క్లోరిన్ వాసన వస్తే కంగారు పడకండి, మూత కొద్దిగా తీసి గంటసేపు ఉంచితే తగ్గుతుంది. పైపు పగిలి మురుగు కలిసినట్టు అనుమానం వస్తే, వానాకాలం నీళ్లు మట్టిగా వస్తే, గుడ్డతో వడకట్టి తెర్లనివ్వండి. బుడబుడ పొంగడం మొదలయ్యాక ఒక నిమిషం తెర్లితే చాలు.

బోరు నీళ్ల విషయంలో మాత్రం కాచడం మందు కాదు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మీ ఊరి బోరు గురించి అనుమానం ఉంటే తాగడానికి నల్లా నీళ్లే వాడండి, బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు సరిపోతాయి.

ఇరవై లీటర్ల డబ్బా కొనేవాళ్లు డబ్బా లోపలి గోడలు చూడండి. పచ్చటి పాకుడు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. డబ్బాను ఎండ తగిలే చోట ఉంచకండి.

ఇంట్లో పసిపిల్లలు, పెద్దలు ఉంటే

ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు పట్టకండి. ఎంత ఎండైనా, గొంతు ఆరిపోతుందని అమ్మమ్మ ఎంత చెప్పినా. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఎండకాలం మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వాలి, ఆ తల్లి నీళ్లు తాగాలి. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకుంటే సులువు. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా మామూలు కంటే ఒకటి రెండు గ్లాసులు ఎక్కువ కావాలి.

వయసు మళ్లినవాళ్లకు దాహం తెలియడం తగ్గిపోతుంది. నాయనమ్మను నీళ్లు కావాలా అని అడిగితే వద్దనే అంటుంది. అడగకండి, తెచ్చి చేతికి ఇవ్వండి. రాత్రి లేవాల్సి వస్తుందని, పడిపోతానేమోనని భయపడి సాయంత్రం నుంచే నీళ్లు మానేసే పెద్దవాళ్లు ఉంటారు. మంచం పక్కన లైటు, బాత్రూమ్ దాకా పట్టుకునే ఆసరా పెట్టిస్తే ఆ భయం తగ్గుతుంది. హఠాత్తుగా తికమకగా మాట్లాడుతుంటే వయసు మీద నెట్టేయకండి, ఒంట్లో నీళ్లు తగ్గినా అలా అవుతుంది. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, గుండె బలహీనపడి కాళ్లకు నీరు చేరేవాళ్లు, కాలేయం చెడి పొట్టకు నీరు పట్టినవాళ్లు పైన చెప్పిన కొలతలేవీ పాటించకూడదు. వాళ్లకు డాక్టరు రోజుకు ఇంత అని కొలత చెప్తారు, అందులో చాయ, పులుసు, సల్ల అన్నీ కలుస్తాయి. ఎండకాలం ఆ కొలత మార్చాలా అని మార్చిలోనే అడగండి. బీపీకి, వాపులకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు కూడా అడగాలి.

వడదెబ్బ తగిలితే

తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్ల పిక్కలు పట్టేయడం, వికారం మొదలైతే పని ఆపేసి నీడకు రండి. బట్టలు వదులు చేసి, ఉప్పు వేసిన సల్లో, ఓఆర్‌ఎసో గుక్క గుక్కగా తాగండి. గంటలో తేరుకోకపోతే ఆస్పత్రికి పోవాలి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతింటున్న స్థితి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి, పొలంలో కష్టపడుతూ పడిపోయినవాళ్లకు చెమట ఉండవచ్చు. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా చూస్తూ నిలబడకండి. నీడలో పడుకోబెట్టి, పై బట్టలు తీసి, బోరు మోటారు నడుస్తుంటే ఆ నీళ్లే తల నుంచి కాళ్ల దాకా పోస్తూ, కండువాతో విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర కూడా వేయకండి, ఈ వేడికి అది పని చేయదు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా డాక్టరు సరే అనేదాకా ఎండలో పనికి పంపకండి, ఒకసారి దెబ్బతిన్న ఒళ్లు కొన్నాళ్లపాటు వేడికి త్వరగా లొంగిపోతుంది.